చింతపండుతో తోమిన సాక్సాఫోను

సంతకం పెడితే సాక్సాఫోను ఇచ్చేస్తానన్నాడు రమేష్. పెట్టనంది సరస్వతి. ఆదోనిలో దావీదు రిపేరు అంగట్లో ఆ పొద్దున తగువంతా ఈ రెండు ముక్కల మధ్యే నడిచింది.

సరస్వతిది ఎమ్మిగనూరు. మేళంవాళ్ళ ఇల్లు. తాత ఉరుకుందప్ప సాక్సాఫోను వాయించాడు, తండ్రి ధనుంజయ వాయించాడు, తండ్రికి ఆయాసం ముదిరాక అదే సాక్సాఫోను ఆమె అందుకుంది. ఆడపిల్ల పదిమందిలో బుగ్గలుబ్బించి ఊదడమేమిటని మూతులు తిప్పినవాళ్ళే ఇప్పుడు ముహూర్తం కుదరగానే ముందు ఆమెకు ఫోన్ చేస్తున్నారు. మూతుల సంగతి అంతే, ఎటు తిప్పితే అటు తిరుగుతాయి.

మొన్న సాక్సాఫోను రంధ్రాల మీద పడే రెండు మూతల కింద గాలి పోతోంటే దాన్ని ఆదోని తెచ్చి దావీదుకు ఇచ్చి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా బ్యాండు వాయిద్యాలు బాగుచేస్తున్న మనిషి ఆయన. మరునాడు ఆ అంగటికి బ్యాండు సెట్టు యజమాని రమేష్ వచ్చాడు, బల్లమీద సాక్సాఫోను చూశాడు, ఇది మాదేనన్నాడు. వాళ్ళ తాత బొంబాయి నుంచి తెప్పించిన సాక్సాఫోను ఒకటి ఎప్పుడో మాయమైందట. ఆ రోజుల్లో ఉరుకుందప్ప వాళ్ళ బ్యాండులో కూలికి వాయించేవాడు. ఇంకేం కావాలి? ఎమ్మిగనూరు దొంగ మేళగాడు ఎత్తుకుపోయింది ఇన్నాళ్ళకు దొరికిందని టీ బంకు దగ్గర పదిమందిలో చాటేశాడు. తను చెప్పేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని దావీదుకు హుకుం వేశాడు. ఆయన ఆ సంగతి సరస్వతికి ఫోన్‌లో నసుగుతూ చెప్పాడు. సరస్వతి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది.

రమేష్ మరీ చెడ్డవాడేం కాదు, తన మాట చెల్లడం అలవాటైనవాడు. కాగితం కూడా రాయించుకొచ్చాడు. ఈ వాయిద్యం మా బ్యాండుది, ఉరుకుందప్ప చెప్పకుండా పట్టుకుపోయాడు, దయతలచి ఆయన మనవరాలిని వాడుకోనిస్తున్నాం అని అందులో ఉంది. రేపు నందవరంలో పెళ్ళికి వాయిస్తానని ఒప్పుకున్నావటగా, ఎందుకమ్మా రచ్చ అని పెద్దరికం కూడా వెలగబెట్టాడు.

రేపటి పెళ్ళి నిజమే. ఇంట్లో మరో సాక్సాఫోను లేదన్నదీ నిజమే. అయినా ఆ కాగితం చదువుతుంటే సరస్వతికి ఒళ్ళు మండిపోయింది. గుంతకల్లు రైల్వే క్లబ్బులో వాయించే దొర ఒకాయన దేశం వదిలి పోతూ దీన్ని తన చేతిలో పెట్టాడని తాత చెప్పేవాడు. దానికి కాగితం లేదు, సాక్షి లేడు. ఉన్నదల్లా తాత మాట. ఇప్పుడు సంతకం పెడితే అదీ ఉండదు.

"సాక్సాఫోను ల్యాకుంటే నోటితో పాడి వస్తా రమేషన్నా. మా తాతను దొంగను సేసి, ఆయన సాక్సాఫోనే నేను ఊదల్నా? పెట్టను."

రమేష్ జేబులోంచి పాత బిల్లు తీశాడు. 1968, జర్మనీ సరుకు, కొత్తది అని టైపు కొట్టి ఉంది. ఏ సాక్సాఫోనుకైనా చివర విచ్చుకునే గంట మీద కంపెనీ పేరు చెక్కి ఉంటుంది, దీనిమీద ఏదీ అన్నాడు. గంట నున్నగా మెరుస్తోంది. ఆనవాలు పట్టకుండా గీకేశారన్నాడు.

పేరు అరగదీసింది నిజానికి సరస్వతి ఇంటివాళ్ళే. దసరా వస్తే ఆయుధపూజకు ఇత్తడి చెంబులూ దీపపు కుందులతో పాటు సాక్సాఫోనునూ ముందేసుకుని, చింతపండూ ఇటుకపొడీ పెట్టి తళతళలాడేదాకా తోమడం ఆ ఇంటి భక్తి. అవ్వ హులిగమ్మ తోమింది, అమ్మ తోమింది, ఏడేళ్ళప్పటి నుంచి తనూ తోమింది. చిన్నప్పుడు గంట మీద మసకమసకగా ఏవో తీగలు, అక్షరాలు కనిపించేవి. ఏటికేడు అవి పలచబడుతుంటే, మెరుపు వస్తోందని మురిసిపోయారు తప్ప ఏం పోతోందో ఒక్కరికీ తట్టలేదు. ఉన్నదున్నట్టు ఆ సంగతి చెప్పింది. రమేష్ పకపకా నవ్వాడు.

అంతదాకా తలవంచుకుని ఉన్న దావీదుకు ఆ నవ్వు నచ్చలేదు. రమేష్ ఆయనకు ఏడాది పొడుగునా పని ఇచ్చే మనిషి, అందుకే ఇందాకటి నుంచి నోరు కట్టుకున్నాడు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, ఊడదీసిన మూత ఒకటి రమేష్ ముందు పెట్టాడు. మామూలుగా మూతలో తోలు మెత్తను లక్కతో అతికిస్తారు. ఇందులో నడిమధ్య చిన్న లోహపు మొలక ఉంది. పైనుంచి ఒక బిళ్ళ టిచ్ బటన్‌లా టక్కున దానికి పట్టి మెత్తను ఆపుతుంది. ఈ పద్ధతి అమెరికాలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి బుషర్ కంపెనీదనీ, జర్మనీ సాక్సాఫోనులు ఎన్నో విప్పాను గానీ ఒక్కదానిలోనూ ఇది చూడలేదనీ చెప్పాడు.

బొంబాయి వాడు బిల్లులో తప్పు రాసుంటాడని రమేష్ దబాయించాడు. అయితే వయసూ చూద్దామని దావీదు సాక్సాఫోనును బోర్లించాడు. కుడి బొటనవేలు ఆనే కొక్కెం కింద కంపెనీ చెక్కిన నంబరు ఉండాలి. అక్కడ ఎర్రటి పెచ్చు గట్టిపడి ఉంది. ఇదేమిటని అడిగాడు.

అది హులిగమ్మ అవ్వ బొట్టు. మొగుడి వేలు ఆనే చోటని ప్రతి దసరాకూ అక్కడే గంధం, కుంకుమ పెట్టేది. ఆమె తర్వాత కోడలు, ఆ తర్వాత మనవరాలు. కొక్కెం అడ్డం కాబట్టి తోమే చెయ్యి ఆ మూలకు పోయేది కాదు, పొర మీద పొర పేరుకుంది. దావీదు తడిగుడ్డతో నానబెట్టి వెదురుపుల్లతో మెల్లగా లేపాడు. పెచ్చు ఊడింది. గాట్లలో నిలిచిన కుంకుమతో ఆరు అంకెలు ఎర్రగా తేలాయి.

ఏ నంబరుది ఏ ఏడు తయారైందో తన గురువు రాసిచ్చిన నోటుబుక్కు తీశాడు దావీదు. అది చాలదని ఫోన్‌లోనూ వెతికాడు. రెండూ ఒకటే చెప్పాయి. 1926 ప్రాంతం. రమేష్ తాత కొత్తది కొన్నానన్న నాటికే దీనికి నలభై ఏళ్ళు దాటాయి.

"రమేషా, ఇది మీ తాత కొనిందే కాదు. ఎవరడిగినా ఇదే సెప్తాను. ఇంక నాకు పని ఇస్తావో, మానుకుంటావో నీ ఇష్టం" అన్నాడు దావీదు.

రమేష్ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏదో పొరపాటు, తీసుకుపో అని లేచాడు.

"టీ బంకు కాడ అన్నావంట కదన్నా, ఆడనే సెప్పల్ల" అంది సరస్వతి.

వినబడనట్టు వెళ్ళిపోయాడు. ఇంతటితో వదిలెయ్యమని దావీదు నచ్చజెప్పబోయాడు. సరస్వతి గంటసేపు కదలకుండా కూర్చుని మెత్తలు వేయించుకుంది. తర్వాత పట్టీ మెడకు తగిలించుకుని, నడి ఎండలో, టీ బంకుకు ఎదురుగా ఉన్న రమేష్ బ్యాండు ఆఫీసు మెట్ల ముందు నిలబడి మోహన రాగం ఎత్తుకుంది. పెళ్ళివారు బయల్దేరేటప్పుడు తాత వాయించే వరుస. ఆటోలు ఆగాయి. టీ గ్లాసులతో జనం రోడ్డు మీదికి వచ్చారు. రమేష్ దగ్గర పనిచేసే డోలు ఆయన గడపలో నిలబడి తొడమీద తాళం వేయడం మొదలుపెట్టాడు. అరగంట గడిచింది. పెదవులు మండుతున్నా ఆమె ఆపలేదు. పెళ్ళికి బ్యాండు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు లోపల కూర్చుని ఇదేం గొడవని అడిగాక రమేష్ బయటికి రాక తప్పలేదు.

"ఆపు తల్లీ. దొంగ కాదులే."

"ఎవరు?"

"మీ తాత."

"ఆయనకు పేరుంది."

రమేష్ ఒకసారి జనంవైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఉరుకుందప్ప దొంగ కాదు. ఆ సాక్సాఫోను ఆయనదే."

ఆ మాట బంకు దాకా వినబడింది. సరస్వతికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఊదలేనని దిగమింగుకుంది. రాగం ఇంకా సగంలోనే ఉంది. లోపలికి తిరగబోయిన రమేష్‌ను, అయ్యేదాకా నిలబడి వినమంది.

నిలబడ్డాడు.