పదకొండు నిమిషాల గొంతు

పెద్దాయన మూడోసారి సంతకం చేస్తుండగా లాకర్ల గుమాస్తా తన భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"చివరి గీత కిందికి దిగాలండీ. మీది పైకి పోతోంది."

"చెయ్యి వణుకుతోంది నాయనా. అయినా నేను నేనేనని నీకు తెలీదా? ఇరవయ్యేళ్లుగా చూస్తున్నావుగా!"

"నేను చూడటం వేరు, రిజిస్టరు చూడటం వేరు. మళ్లీ పెట్టండి."

నాలుగో సంతకానికి రిజిస్టరు కరుణించింది. గుమాస్తా లేచి తన తాళంచెవిని ఒక రంధ్రంలోనూ, పెద్దాయన తాళంచెవిని పక్క రంధ్రంలోనూ పెట్టి తిప్పాడు. రెండూ కలిస్తేనే ఆ ఉక్కు తలుపు తెరుచుకుంటుంది. ఒక్కటే తిప్పితే దేవేంద్రుడు దిగివచ్చినా అది కదలదు.

బ్యాంకు నేలమాళిగలో, కిటికీలేని ఆ గదిలో, గుమాస్తా ఇరవయ్యేడేళ్లుగా ఏకచ్ఛత్రాధిపత్యం వహిస్తున్నాడు. మూడువందల నలభై ఉక్కు తలుపులు అతని ప్రజలు, భూతద్దం మహామంత్రి, సిరాదిండు సేనాపతి. రాజ్యభారం వల్ల మెడ ముందుకు వంగింది, భూతద్దపు చలవ వల్ల ఎడమకన్ను కుడికన్ను కంటే చిన్నదయింది. పై అంతస్తు వాళ్లు అతణ్ని ద్వారపాలకుడని పిలుచుకునేవారు. ఆ సంగతి తెలిసినా అతనికి కోపం లేదు. ఎవరో ఒకరు ద్వారం దగ్గర లేకపోతే లోపలున్నదానికి విలువేముంది?

ఈవేళ మాత్రం చక్రవర్తి మనసు సింహాసనం మీద లేదు. భోజన విరామం ఎప్పుడవుతుందా అని గోడ గడియారాన్ని గుడ్లురిమి చూస్తున్నాడు. కారణం, ఇంట్లో టీవీ కింద ఉన్న, కార్యక్రమాలు పట్టి దాచే రికార్డరు.

అతనికి తల్లిలాంటి అక్క ఒకతె ఉంది. తల్లి పోయిననాటినుంచి అతణ్ని సాకింది, చిరిగిన బట్టలు బాగుచేసే దుకాణంలో ముప్ఫయ్యారేళ్లు సూది పట్టింది. పెళ్లి ఆమె చేసుకోలేదు; ఆమెను చూసి ఇతడూ చేసుకోలేదు. ఆరేళ్ల కిందట ఒక చిన్న టీవీ ఛానెలు వాళ్లు ఆమెను పిలిచి, చిరుగు కనపడకుండా ఎలా అల్లాలో పొద్దుటి కార్యక్రమంలో చెప్పించారు. పదకొండు నిమిషాలు. మరుసటి ఏడే ఆమె గొంతులో జబ్బు పుట్టింది. వైద్యులు ప్రాణం నిలిపి గొంతు తీసుకున్నారు. ఆ తర్వాత ఛానెలూ మూతపడింది. అలా ఆమె కంఠస్వరం భూమండలం మొత్తం మీద ఒకేఒక్క చోట, ఆ రికార్డరులో, మిగిలింది. రోజూ సాయంత్రం ఏడింటికి అక్కాతమ్ముళ్లు కూర్చుని ఆ పదకొండు నిమిషాలూ వినేవారు. తెర మీది మాటలకు ఆమె పెదవులు కదిపేది.

ఫోనులో తీసి పెట్టుకొమ్మని పక్కింటావిడ ఒకసారి చెప్పింది. "అసలు చేతిలో ఉండగా నకలెందుకమ్మా?" అని అతడు నవ్వేశాడు. నకళ్లంటే అతనికి వృత్తిరీత్యా ఏవగింపు.

ఇప్పుడు అక్క గుండె కూడా మొరాయిస్తోంది. ఇక ఆవిడ ఇష్టప్రకారం ఉండనివ్వండని వైద్యుడు అన్నాడు. వైద్యులు అంత ఉదారంగా మాట్లాడితే అర్థమేమిటో తెలియనివారు లేరు. సరిగ్గా ఆ వారంలోనే రికార్డరు వెలగడం మానేసింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్లి బాగుచేయించాడు. నిన్న ఇంటికొచ్చి వెలిగించాడు. వెలిగింది. జాబితాలో అక్క కార్యక్రమం పేరుంది, తేదీ ఉంది, నిడివి ఉంది. బొత్తాం నొక్కితే మాత్రం, "ఈ రికార్డింగు ఈ పరికరానికి చెందినది కాదు" అన్న తీర్పు తెరమీద నిలిచింది. "ఏదో వైరు తక్కువైందిట, రేపు తెస్తాను" అని అక్కతో బొంకాడు.

మధ్యాహ్నం మరమ్మతుల దుకాణంలో మెకానిక్కు అన్నం తింటూనే వాదనలు విన్నాడు.

"బోర్డు కాలిపోయింది సార్, కొత్తది వేశాను. డిస్కు మీ పాతదే. అందులో అన్నీ భద్రంగా ఉన్నాయి."

"భద్రంగా ఉంటే కనపడవేం?"

"తాళం వేసి దాచుకుంటుంది సార్ ఇది. తాళంచెవి సగం డిస్కులో, సగం పాత బోర్డులో ఉంటుంది. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది."

గుమాస్తాకు ఇంకెవరూ దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ కొలువులోనే అతని జుట్టు నెరిసింది.

"అయితే ఆ పాత బోర్డు ఇలా పడెయ్యి. బతికించేవాడెక్కడున్నా పట్టుకుంటాను."

"తుక్కువాడు పట్టుకెళ్లాడు సార్, మొన్ననే. ఈపాటికి కరిగించేసుంటారు."

"ఎవర్నడిగి ఇచ్చావయ్యా! ఒక్కమాట చెప్పొద్దూ?"

మెకానిక్కు చెయ్యి కడుక్కుని, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. 'తీసివేసిన పాత భాగములు నాకు అక్కరలేదు' అన్న వరుస కింద ఒక సంతకం ఉంది. గుమాస్తా అలవాటుకొద్దీ జేబులోంచి భూతద్దం తీశాడు. మొదటి అక్షరపు మెలిక, నడిమి వంపు, చివర కిందికి దిగిన గీత. ఏ లోపమూ లేదు. గడి కనపడితే చాలు సంతకం చెయ్యకుండా ఉండలేని మహానుభావుడి సంతకం అది. వృత్తి జీవితం మొత్తంలో ఒక సంతకం కలవకపోతే బాగుండునని అతడు కోరుకోవడం అదే మొదలు.

"మీది కాదా సార్?"

"నాదే," అన్నాడు. ఎడమకన్ను ఎందుకో మసకబారింది.

సాయంత్రం ఏడింటికి అక్క దిండ్లకు ఆనుకుని టీవీకెదురుగా సిద్ధంగా ఉంది. పాడైపోయిన బల్బుకు తమ్ముడి మేజోడు తొడిగి, దాని మడమ దగ్గరి చిరుగును పక్కదీపం వెలుగులో అల్లుతోంది. తెర నల్లగానే ఉండటం చూసి, 'ఏమైంది?' అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"అక్కా, అది పోయింది. నేనే పోగొట్టాను. సంతకం పెట్టి మరీ పోగొట్టాను."

ఆమె సూదిని మేజోడుకు గుచ్చి పెట్టింది. తర్వాత పక్కనున్న చీటీ మీద రాసింది: 'ఏడవకు. మొహం బాగుండదు. నీకు నోటికి వచ్చుగా. చెప్పు.'

రికార్డరు ఎదుట గొంతు సవరించుకోవలసి వచ్చిన లాకర్ల గుమాస్తా చరిత్రలో అతనొక్కడే అయివుంటాడు. ముందు యాంకరమ్మ గొంతు పెట్టాడు: "ఇంత చిన్న చిరుగుకి ఇంత శ్రమ ఎందుకండీ? కొత్తది కొనేసుకోవచ్చుగా?" వెంటనే అక్క గొంతు పెట్టబోయాడు, అది ముసలి కాకికి జలుబు చేసినట్టు వచ్చింది. "కొత్తదానికి మీ ఒళ్లు తెలీదు కదమ్మా. దీనికి తెలుసు." అక్క భుజాలు నవ్వుతో కదిలాయి.

"ముందు నిలువు పోగులు వెయ్యాలి. పోగు చివర ముడి వేసి..."

టప్‌మని ముంజేతి మీద అక్క దెబ్బ ఒకటి పడింది.

"సరే, సరే. ముడి వెయ్యకూడదు. ముడి వేస్తే నడిచినప్పుడు గుచ్చుకుంటుంది."

ఆ రీతిని నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు. తప్పు పడ్డప్పుడల్లా దెబ్బ పడింది. సూది మెల్లగా కదులుతూనే ఉంది. ఎనిమిదో నిమిషంలో అతడు అడ్డం పోగు వేసేటప్పుడు నిలువు పోగులను ఒకటి విడిచి రెండు ఎత్తమన్నాడు. అది తప్పు, దెబ్బ పడలేదు. గమనించక పోనిచ్చిందేమో అనుకుని, ఈసారి కావాలనే, ఊలు చిరుగుకు నైలాను దారం వాడమన్నాడు. అంతటి ఘోరాన్ని అక్క తన జన్మలో సహించేది కాదు. అయినా దెబ్బ పడలేదు.

అతడు పక్కకు తిరిగి చూడలేదు. మిగిలిన మూడు నిమిషాలూ ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. చివరికి యాంకరమ్మ తరఫున కృతజ్ఞతలు కూడా చెప్పాడు.

ఆమె ఒడిలో, బల్బు మీద బిగువుగా సాగిన మేజోడు మడమ దగ్గర నిలువు పోగులన్నీ పూర్తయ్యాయి, అడ్డం పోగులు సగానికి వచ్చాయి. సూది ఒక పోగు కింద దూరి, తరవాతి పోగు మీదికి ఇంకా ఎక్కలేదు.