పోసినోళ్లే ఎత్తాలె

మా ఆదివారం అంగడికి ఒక కట్టు ఉంది. సరుకు చెడ్డదైతే కొన్నవాళ్లు దాన్ని తెచ్చి, అమ్మినవాడి ముందరే నలుగురూ చూస్తుండగా గుమ్మరిస్తారు. మాట తేలేదాకా అమ్మినవాడు దాన్ని పారేయకూడదు. గోనెసంచిలో కట్టి దుకాణం ముందే పెట్టుకోవాలి. తప్పు అతనిది కాదని తేలితే, పోసినవాళ్లే వచ్చి, వంగి, తమ చేతులతో ఎత్తుకుపోవాలి. అలా వంగడం కన్నా పెద్ద సిగ్గు మా బెల్లంపల్లిలో లేదు. అందుకే ఎవరూ ఊరికే పోయరు.

మా అవ్వ పోసింది.

మా తమ్ముడు శ్రావణ్ నేవీలో, ఓడ ఇంజన్ల దగ్గర పనిచేస్తాడు. కొడుకు సెలవు మీద వస్తున్నాడంటే అవ్వకు కాలు నిలవదు. వాడికి మామిడికాయ వేసి వండిన ఎండు చేపల కూర కావాలి. పొద్దస్తమానం సముద్రం మీద ఉండేవాడికి మా బొగ్గుబాయి కాలనీలో వండిన చేపల మీద ఎందుకంత మోజో నాకైతే తెలియదు. అవ్వ అంగట్లో ఎండు చేపలమ్మే సత్తార్ చిచ్చా దగ్గర సంచి నిండా ఎండు నెత్తళ్లు కొన్నది. వాడు రాకముందే రుచి చూద్దామని గుప్పెడు తీసి వేడినీళ్లలో వేస్తే, నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. పొయ్యి మీద పెడితే ఇల్లంతా గ్యాసునూనె వాసన, కిరోసిన్ ఒలికినట్టు. మామిడికాయ పులుపు కూడా దాన్ని అణచలేకపోయింది.

ఆదివారం పొద్దున్నే అవ్వ మిగిలిన చేపలన్నీ పట్టుకెళ్లి చిచ్చా తక్కెడ ముందు కుప్ప పోసింది.

"గ్యాసునూనె డబ్బాలల్ల చాపలు పెడ్తవా సత్తారూ? మేము మనుషులమా, బుడ్డి దీపాలమా?"

ఆ మాట చిచ్చాకు సరిగ్గా తగలరానిచోట తగిలింది. వాళ్ల బాపు రేషన్ కిరోసిన్ డీలరు. ఆయన పోయాక చిచ్చా ఎండు చేపల వ్యాపారం పెట్టాడు గానీ, ఆ పాత డబ్బాలు ఇప్పటికీ కొట్టు వెనకాల గదిలో పడి ఉన్నాయి. చిన్నప్పుడు పిల్లలంతా ఆయన్ని గ్యాసునూనె సత్తార్ అనే పిలిచేవారట. ఇంకేముంది, ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. సముద్రం మాకు టీవీలోనే తెలుసు. చేప చెడితే అమ్మినవాడే చెడగొట్టాడంటాం. అది ఏ నీళ్లలో ఈదిందని మాలో ఎవరడుగుతారు? అవ్వను చూసి ఇంకొందరు తెచ్చి పోశారు. చిచ్చా కొడుకు వయసున్నవాడు కూడా ఆయన మీద నోరు చేసుకున్నాడు.

అంగడి పెద్ద హనుమండ్లు తీర్పు చెప్పేశాడు. "వచ్చే ఆదివారం దాక చూస్త. తేలకపోతే జాగ ఖాళీ చెయ్యాలె సత్తార్."

ఆ జాగా తప్ప చిచ్చాకు వేరే బతుకుదెరువు లేదు.

శ్రావణ్ ఇంట్లో అడుగుపెట్టగానే, కాళ్లు కడుక్కోనివ్వకుండా అవ్వ ఈ కథంతా చెప్పింది. వాడు నవ్వుతూ వింటున్నవాడల్లా, నీళ్ల మీద రంగులు తేలాయనగానే నవ్వు ఆపేశాడు. చేపలు తెచ్చిన సంచి ఇంకా దండెం మీదే ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సత్తార్ చిచ్చా సరుకు యాడికెల్లి తెస్తడక్కా?" అని అడిగాడు.

"కరీంనగర్ల హోల్‌సేల్ వాళ్ల దగ్గర. వాళ్లకేమో మీ ఓడలు ఆగే కాడికెల్లే వస్తదట. ఎందుకు?"

వాడు నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. "గిది గ్యాసునూనె కాదక్కా. గీ వాసన నేను రోజూ పీలుస్త. మా ఓడ నూనె."

తర్వాత ఒక్కొక్క మాటే బయటపడింది. తీరానికి దగ్గరలోనే ఓడలో నూనె నింపుతుంటే ట్యాంకు పొంగి పొర్లింది. చూసుకోవాల్సిన డ్యూటీలో వీడూ ఉన్నాడు. ఆపేలోపే నూనె సముద్రంలో పడి, అలలతో పాటు ఒడ్డుకు చేరింది. పేపర్లో మూల మీద చిన్న వార్త వచ్చిందట. స్వల్పంగా ఒలికింది, ప్రమాదవశాత్తు జరిగింది, శుభ్రం చేశాం.

"మరి ఆడ చాపలు పట్టేటోళ్లు?"

"గా జిడ్డు వలలతోనే పట్టిండ్రు. గా ఇసుకలనే ఎండబెట్టిండ్రు. పారేస్తే పస్తులే కద."

"అయితే నడువ్. ఇదే మాట హనుమండ్లు ముందట చెప్పు."

"పిచ్చి లేసిందా నీకు? ఓడ ముచ్చట బయట చెప్తే నౌకరి పోతది. అయినా ఎవల తప్పు కాదక్కా. యాక్సిడెంట్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బాపు మీద గనిలో పైకప్పు బండ పడ్డప్పుడు కూడా కంపెనీ సార్లు మా గుమ్మంలో నిలబడి ఇదే మాట చెప్పారు. ప్రమాదవశాత్తు. అంత చల్లని మాట ఇంకోటి లేదు. అన్నవాడు ఇంటికి పోయి సుఖంగా అన్నం తింటాడు, విన్నవాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఎవరి తప్పూ కాకపోతే శిక్ష కూడా ఎవరికీ పడకూడదు కదా! మరి చిచ్చా జాగా ఎందుకు పోతోంది? బాపును తిన్న మాటే నా తమ్ముడి నోట వినేసరికి, చేతిలో చెంబు వాడి మీదికి విసిరేద్దామన్నంత కోపమొచ్చింది. ఆ కోపంలో అంతా అరిచే చెప్పాను. గుమ్మంలో బియ్యం ఏరుతున్న అవ్వ విన్నది. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

సాయంత్రం వాడిని చిచ్చా కొట్టుకు లాక్కుపోయాను. ఆయన పాత డబ్బాలన్నీ బయటికి దొర్లించి, సోడా వేసి కడుగుతున్నాడు. ఏ పాపం తెలియని మనిషి తన డబ్బాలనే అనుమానించి తోముతున్నాడు.

శ్రావణ్ ఆయన పక్కన కూర్చుని, చెవిలో చెప్పినంత మెల్లగా అంతా చెప్పాడు. చిచ్చా చేతులు ఆగిపోయాయి.

"అంటే నా డబ్బాలు మంచియే?"

"మంచియే చిచ్చా. మాఫ్ చెయ్యి."

చిచ్చా లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, ఆరోజు విన్నాను. "నా చెవుల చెప్తే ఏం ఫాయిదా బేటా? నా మీద మాట అంగట్ల పడ్డది. అంగట్ల చెప్పు!"

వీడు తల దించుకుని ఇంటికొచ్చాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం వాడి రైలు. అవ్వ ఇంటి నుంచి బయల్దేరి, స్టేషన్ దారి వదిలి అంగడి దారి పట్టింది. వాడు బ్యాగు మోసుకుంటూ వెనకాలే వచ్చాడు. వద్దనే ధైర్యం వాడికి లేదు.

చిచ్చా దగ్గర బేరగాళ్లు ఒక్కరూ లేరు. దుకాణం ముందు పోసినవాళ్ల గోనెసంచులు, వాటి పక్కన హనుమండ్లు. అవ్వ తన చేపల సంచి మూతి విప్పి చేపలు నేల మీద ఒంపింది. కొంగు పరిచి, నడుం వంచి ఎత్తడం మొదలుపెట్టింది.

అంగడంతా మూగింది.

"ఏంది ఎల్లక్కా, తేలిందా?" అన్నాడు హనుమండ్లు.

"తేలింది. సత్తార్ తప్పు లేదు. సముద్రంల ఓడ నూనె పోసిండ్రు. నా కొడుకు ఎక్కిన ఓడనే."

అందరి చూపూ శ్రావణ్ మీద పడింది. ఎవరో వీడియో తీయడానికి ఫోను పైకెత్తారు. వాడి ముఖం నల్లబడింది. "అవ్వా, లే... కావాలని పోసింది కాదు. యాక్సిడెంట్."

అవ్వ వంగిన నడుం లేపలేదు. "చెయ్యి జారిందనే అనుకుందాం బిడ్డా. జారి పోసినా, పోసినోళ్లే ఎత్తాలె గద?"

వాడు బ్యాగు కింద పెట్టాడు. అవ్వ పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క చేప ఏరుతూ, చేపలతోనే అన్నట్టు "మా ఓడదే" అన్నాడు.

"జర గట్టిగ చెప్పు బేటా," అన్నాడు చిచ్చా. "అంగడి మొత్తం వినాలె."

శ్రావణ్ లేచి నిలబడి గట్టిగా చెప్పాడు. చిచ్చా పర్వాలేదని అనలేదు, వీపు తట్టలేదు. ఆయన అననందుకు నాకు సంతోషమైంది. తక్కెడ తుడుచుకుని తన జాగాలో కూర్చున్నాడు. మిగతా పోసినవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి వంగారు. హనుమండ్లు అక్కడి నుంచి మెల్లగా జారుకున్నాడు.

రైలు వచ్చేముందు అవ్వ ఆ చేపలన్నీ ఒక గుడ్డలో గట్టిగా మూటకట్టి, ఇస్త్రీ చేసిన వాడి తెల్ల యూనిఫాం బట్టల మధ్యన పెట్టింది.

"వద్దవ్వా, బట్టలన్ని వాసనొస్తయ్."

"రానియ్యి. మీ పెద్దసార్ల ముందట కుప్ప పొయ్యి," అన్నది. "నా వంతు నేను ఎత్తిన. మిగిలింది సముద్రంల ఉన్నదని చెప్పు."