నవ్వుతూ పనిచేసే చోటు

అనసూయమ్మ జీతం ఎంతని అడగలేదు. కృష్ణప్రియకు మొదట అదే వింతగా తోచింది. పై వాటాలో అద్దెకుంటున్న ఆ అనంతపురం ఆవిడ ఓళిగల గిన్నె, అదే బొబ్బట్లు, గట్టు మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "ప్రియా, మీ ఆఫీసులో మనుషులు సంతోషంగా ఉంటారామ్మా?" అంది.

ఆమె అలా అడగడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ కూతురు తేజస్విని అంతకుముందు ఆబిడ్స్‌లో ఒక చోట పనిచేసింది. అక్కడి యజమాని ఫైళ్లు మొహాన కొట్టే రకం. పిల్ల మెల్లగా తిండి మానేసింది, ఆ తర్వాత మాట మానేసింది. మళ్లీ మామూలు మనిషి కావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు సనత్‌నగర్‌లో ఒక మందుల ఏజెన్సీ వాళ్లు రమ్మంటున్నారు. చిన్న ఆఫీసు. ఒక ముసలి అకౌంటెంటు, ఇద్దరు గుమాస్తాలు.

"ఆడ చూసొచ్చినాలే. ఎవురూ నవ్వరు, ఎవురూ పలకరు. నా బిడ్డ మళ్ళా మూగదైపోతాదేమోనని నాకు భయం," అంది అనసూయమ్మ. "పేపర్లో మీ ఆఫీసు ఫోటో ఏసినారు చూడు, ఆడపిల్లలంతా ఎంత బాగా నవ్వుతాండారు!"

ఆ ఫోటో సంగతి నిజమే. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడల మీద ఆదివారం పేపర్లో పెద్ద వ్యాసం వచ్చింది. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పే మాటలు విని టైపు చేసే కృష్ణప్రియ వాళ్ల కంపెనీ ఫోటో అందులో వేశారు. ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర ఫైళ్లు పట్టుకున్న పిల్లల వరస మొదలైంది. ఆ కంప్యూటరు ఆఫీసుల లోపల ఏం జరుగుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ల మొహాలు చూసి తెలుసుకోవాలనుకునేవారు.

కృష్ణప్రియ నోరు తెరిచేలోపు అత్తగారు సక్కుబాయి అందుకుంది. "అడుగుడెందుకు వదినె? నా కోడలి మొకం చూడు. పొద్దంత పనిజేసొచ్చినా ఎట్ల కళకళలాడుతదో! గామె ఒక్కనాడు మొకం ముడుచుకొని రాలే."

పక్క గదిలో రేడియో వింటున్న భర్త దినేశ్ చెవి ఇటే ఉందని కృష్ణప్రియకు తెలుసు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఉద్యోగానికి వెళ్తానంటే దినేశ్ ఒకే మాట అన్నాడు. "నీకు మంచిగనిపిస్తె పో. పరేషాన్ అయి ఇంటికొచ్చినవనుకో, ఇగ బంద్." ప్రేమగానే అన్నాడు. కానీ ఆమెకది రోజూ రాసే పరీక్ష అయింది. ఇంట్లో ఉంటే వచ్చిపోయే వాళ్లంతా కడుపు వంక చూస్తారు. ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ టేపు నడుపుకుంటుంటే ఆ మాట ఎవరూ అడగరు. అదొక్కటే అక్కడి సుఖం. మిగిలినదంతా ఆమె మింగేస్తూ వచ్చింది.

"మంచిగుంటది ఆంటీ," అంది.

అనసూయమ్మ కళ్లు మూసి దండం పెట్టుకుంది.

నిజానికి ఆ హాల్లో నవ్వులకు కొదవలేదు. ఎవరైనా తప్పు టైపు చేస్తే సూపర్‌వైజరు ప్రియదర్శిని మేడం ఆ కాగితం పట్టుకుని హాలు మధ్యకు వచ్చి గట్టిగా చదివేది. అందరూ నవ్వాలి. నవ్వనివాళ్ల వైపు ఆవిడ ఒకసారి చూసేది. ఆ వారం వాళ్లకు అన్నిటికన్నా అర్థంకాని గొంతుల టేపులు వచ్చేవి.

ఆదివారం డాబా మీద తేజస్విని బట్టలు ఆరేస్తుంటే కృష్ణప్రియ కావాలనే పైకి వెళ్లింది. ఎట్లాగైనా చెప్పేద్దామనుకుంది. పిల్ల ఒక చివర, తను ఒక చివర పట్టుకుని దుప్పటి పిండారు.

"తేజూ, ఆ సనత్‌నగర్ ఆఫీసు వద్దనుకున్నవా?"

"అమ్మ వద్దనేసిందక్కా. నాకూ మీ దగ్గరే ఇష్టం."

"ఇక్కడ జర... తప్పులు వడితె ఊకోరు. నలుగుర్ల అంటరు."

"మీరుంటారు కదక్కా," అంది తేజస్విని, దుప్పటి దులుపుతూ. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల పళ్లు కనపడేలా నవ్వింది.

ఇంకొక్క మాట చెప్పి ఉండొచ్చు. చెబితే అది మెట్లు దిగి సాయంత్రానికి అత్తగారి చెవిన పడుతుంది, రాత్రికి దినేశ్ దగ్గరకు చేరుతుంది. కృష్ణప్రియ క్లిప్పుల డబ్బా అందించి కిందికి వచ్చేసింది.

తేజస్వినికి కృష్ణప్రియ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చింది. అనసూయమ్మ వీధంతా స్వీట్లు పంచింది. ఇద్దరూ ఒకే వ్యాన్‌లో వెళ్లొచ్చేవారు. మొదట్లో పిల్ల వాగుతూనే ఉండేది. క్యాంటీన్ గురించి, లిఫ్టు గురించి, టేపులో ఒక డాక్టరు మధ్యమధ్యలో ఈల వేస్తాడని.

ఒకరోజు మధ్యాహ్నం ప్రియదర్శిని మేడం కాగితంతో హాలు మధ్యకు వచ్చింది. మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన ఒక ముసలాయన పేరు కింద ఎవరిదో పురుడు రిపోర్టు పెట్టింది తేజస్విని.

"అందరూ వినండి. తాతగారికి ఆడపిల్ల పుట్టిందట! తల్లీబిడ్డా క్షేమం. మన తేజస్విని గారు మంత్రసాని!"

హాలు ఘొల్లుమంది. మేడం కళ్లు వరసల మీదుగా వస్తున్నాయి. అవి తన దాకా వచ్చేసరికి కృష్ణప్రియ పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడే తేజస్విని ఆమె కోసం తల తిప్పి చూసింది.

ఆ సాయంత్రం వ్యాన్‌లో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "తేజూ, నేను..." అంటే, "తలనొప్పక్కా," అంది. తర్వాత కొన్నాళ్లు వచ్చింది. పలకరిస్తే తల ఊపేది. ఒక సోమవారం వ్యాన్ హారన్ కొట్టినా దిగి రాలేదు. అంతే, మళ్లీ రాలేదు.

వారం తిరక్కుండానే అనసూయమ్మ కిందికి దిగింది. సక్కుబాయి బియ్యం ఏరుతోంది. దినేశ్ అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆవిడ ఎవరితోనూ పోట్లాడటానికి రాలేదు. గడపలోనే కూలబడి, ఓడిపోయిన మనిషిలా మాట్లాడింది.

"మళ్ళా అన్నం ముట్టడంల్యా వదినా. ఇన్నాళ్లూ ఆ ఆబిడ్సోణ్ణి తిట్టుకుంటి. ఇప్పుడు తెలిసింది. అంతమంది నవ్వుతా పనిచేసే చోట కూడా ఉండలేకపోయిందంటే తప్పు ఆఫీసులది కాదు. నా బిడ్డలోనే ఏదో లోపం ఉండాది. వాళ్ల నాయన పిచ్చాసుపత్రిలో చూపిద్దామంటాండాడు."

కృష్ణప్రియ చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టింది.

"లోపం తేజూది కాదు ఆంటీ. ఆ ఆఫీసే మంచిది కాదు. ఆడ మనుషులను నిలవెట్టి నవ్వుతరు. తేజూను చూసి అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. నాకు ఒక్కదినం గూడ ఆడ మంచిగనిపియ్యలే."

సక్కుబాయి చేట్లో చెయ్యి ఆగిపోయింది. దినేశ్ తువ్వాలు భుజాన వేసుకుని ద్వారంలో నిలబడ్డాడు.

అనసూయమ్మ లేచి వచ్చి కృష్ణప్రియ గడ్డం పట్టుకుంది. ఆవిడ కళ్ల నిండా నీళ్లు.

"నీది మంచి మనసు తల్లీ. నా కడుపుకోత చూడలేక ఇట్ల చెప్తాండావు. రెండేండ్లుగా నీ మొకం చూస్తాండా కదా, నాకు తెల్దా?"

"నిజం ఆంటీ! ఒట్టు!"

"ఊరుకోమ్మా. నీ ఉద్యోగాన్ని నువ్వు చెడ్డది చేసుకోవద్దు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆవిడ నమ్మలేదు. దినేశ్ నమ్మాడు.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నాడు. గొంతులో కోపం లేదు, దెబ్బతిన్నట్టుంది. తువ్వాలు తీసి తీగ మీద వేస్తూ మళ్లీ తనే అన్నాడు. "సరే తియ్. రేపటి సంది పోకు. మనకేం తక్వైంది?"

"పోనీ బిడ్డా. ఇంటి పట్టున ఉంటె నాలుగు గుళ్లు తిరగొచ్చు. దేవుడు కండ్లు తెరుస్తడేమో," అంది సక్కుబాయి, మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టి.

మర్నాడు మధ్యాహ్నం కృష్ణప్రియ పైకి వెళ్లింది. అనసూయమ్మ లేదు, కూతురి కోసం తాయెత్తు కట్టించుకు రావడానికి వెళ్లింది. తేజస్విని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు కంచంలో అన్నం ఎండిపోయి ఉంది. కృష్ణప్రియ పక్కన కూర్చుంది.

"అమ్మకు నేను మీకన్నా ముందే చెప్పినానక్కా," అంది ఆ పిల్ల, ఎదుటి గోడ మీదనే చూపు ఉంచి. "అక్కడ ఏం చేస్తారో అంతా చెప్పినా. అమ్మ ఒకటే అడిగింది. అట్లయితే ప్రియక్క ఎట్లుంది అక్కడ అని."

కృష్ణప్రియ కంచం దగ్గరకు లాక్కుని, ఎండిన మెతుకులు తీసేసి, మజ్జిగ పోసి కలపడం మొదలుపెట్టింది.