ఇల్లుబండికి కొత్త పంపు

నా షెడ్డు గోడ మీద ఒక బోర్డు ఉంది: "బండి మాట్లాడుతుంది. మీరు మాట్లాడకండి." ముప్పై ఏళ్లుగా అదే నా పద్ధతి. బండి తెచ్చినవాడు తాళం నా చేతికిచ్చి బయట బెంచీ మీద కూర్చోవాలి. రోగమేమిటో వాడు చెప్పకూడదు, నేను చెప్పాలి. సగం మంది లేనిపోనివి చెప్పి బుర్ర తినేస్తారు. మిగతా సగం ఎక్కడో విన్న ముక్క పట్టుకొచ్చి నాకే పాఠం చెబుతారు. ఎవడి మాటా వినకపోయినా ఈ చుట్టుపక్కల నాకు మంచి పేరే ఉంది.

నా చెల్లెలికీ ఆమె భర్తకీ ఒక పాత మోటార్‌హోమ్ ఉండేది. మేం దాన్ని ఇల్లుబండి అనేవాళ్లం. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, కిటికీలకు పూల తెరలు. మా బావ దర్జీ కాబట్టి తెరలకు మాత్రం లోటు లేదు. సెలవులొస్తే ఇద్దరూ అందులోనే తిరిగేవారు.

ఈ ఏడు చెల్లెలికి జబ్బు ముదిరింది. మూడు వారాలని డాక్టరు చెప్పేశాడు. ఇక ఆమె కోరిక ఒక్కటే, మా పెద్దక్కను చూడాలి. అమ్మ చనిపోయిన ఏడాది ఏదో మాట దగ్గర ఇద్దరికీ చెడింది. పన్నెండేళ్లుగా మాటల్లేవు. తుంటి విరిగి చక్రాల కుర్చీలో ఉన్న అక్క ఇంత దూరం రాలేదు. చెల్లెలు కూర్చోలేదు, పడుకునే వెళ్లాలి. సంగతి తెలిసి అక్క కబురు పెట్టింది: "ఫోన్లో ఏం మాట్లాడతాను? దాన్నే రమ్మను. ముఖం చూసి తిట్టాలి." అది విని చెల్లెలు చాలా రోజుల తరవాత నవ్వింది.

బండిని నేనే సిద్ధం చేశాను. ఆయిలు మార్చాను, టైర్లు చూశాను, దారిలో ఎవడైనా డీజిల్ లాగేస్తాడేమోనని ట్యాంకుకు తాళమున్న గట్టి మూత తెచ్చి బిగించాను. పొద్దున్నే బయలుదేరారు. అరగంటకే బండి కుదుపులిచ్చి ఆగిపోయింది. కాసేపాగి స్టార్ట్ చేస్తే కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. వెనక్కి తిప్పి షెడ్డుకు తెచ్చారు.

"బావా, ఒక్క మాట," అన్నాడు మా బావ. మేమిద్దరం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. "ట్యాంకు మూత తీస్తుంటే బుస్సుమని..."

"నీ కుట్టు మిషను దగ్గరికొచ్చి కాజాలెలా కుట్టాలో నేనెప్పుడైనా చెప్పానా? పోయి బయట కూర్చో."

"అన్నయ్యా, ఆయన్ని తిట్టకు. బోర్డు చదవలేదు పాపం," అంది చెల్లెలు లోపల్నుంచి. ముగ్గురం నవ్వాం.

డీజిల్ ఫిల్టరు మార్చాను. పైపులు ఊదాను. ట్యాంకులో నీళ్లు లేవు, మడ్డి లేదు. షెడ్డులో మూత తీసిపెట్టి రెండు గంటలు ఇంజిన్ నడిపితే ఒక్కసారి కూడా తడబడలేదు. మూత బిగించి రోడ్డెక్కితే మాత్రం అదే అరగంట. బరువు పడేసరికి పంపు చాలడం లేదని తేల్చేశాను. పాత మోడలు కదా, ఆ పంపు రావడానికి తొమ్మిది రోజులన్నారు. పోనీ అంబులెన్సు మాట్లాడతానన్నాడు బావ. నాకు తిక్క రేగింది.

"నేనుండగా అది అద్దె బండెక్కుతుందా? తొమ్మిది రోజులు ఓపిక పట్టలేవూ?"

రోజూ సాయంత్రం చెల్లెలి దగ్గరికి వెళ్లేవాణ్ణి. "పంపు వచ్చిందా అన్నయ్యా?" అని అడిగేది. ఆరో రోజు నుంచి అడిగే ఓపిక లేక నా చేతుల వైపు చూసేది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం పోయింది.

పంపు తొమ్మిదో రోజే వచ్చింది. చెప్పిన మాట తప్పలేదు వాళ్లు.

రెండు వారాలు ఆ పెట్టెను ముట్టుకోలేదు. తరవాత బిగించాను, ఎవరి కోసమో నాకే తెలియదు. రోడ్డు మీదికి తీసుకెళ్లాను. సరిగ్గా అరగంటకు ఆగిపోయింది. దిగి ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకని పాత మూతకు చిన్న కంత ఉండేది. నేను తెచ్చిన మూతకు లేదు. ట్యాంకు ఊపిరాడక డీజిల్‌ను బిగబట్టుకుంది, అంతే. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తట్టేది.

మూత తెరిచే ఉంచి తాళం తిప్పాను. వెంటనే అందుకుంది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. జబ్బు నా చెల్లెల్ని ఎలాగూ వదిలేది కాదు. అక్క దగ్గరికి పోనివ్వనిది మాత్రం నేనే.

నేరుగా బావ కొట్టుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను కత్తెర పక్కన పెట్టాడు.

"నాకు తెలుసు బావా. ఆ రోజు మూత తీసేసి, గుడ్డ కప్పే కదా షెడ్డుదాకా నడిపాను. ఎక్కడా ఆగలేదు. పంపుకి తొమ్మిది రోజులన్నాక, అలాగే పోదాం పద అని నీ చెల్లెలితో అన్నాను కూడా."

"మరి?"

"అన్నయ్య చూస్తున్నాడు కదా, కాదని పోతే చిన్నబుచ్చుకుంటాడు అంది. తొమ్మిది రోజులే కదా, ఉంటాన్లే అంది."

అతను నాకు మంచినీళ్లిచ్చాడు.

మర్నాడు పాత మూత పెట్టి ఇద్దరం అక్క దగ్గరికి బయలుదేరాం. అక్క గేటు దగ్గరే చక్రాల కుర్చీలో ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. అక్క బండి తలుపు తీయమంది. మంచం మీద చెల్లెలి దుప్పటి మడతపెట్టి ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"దారిలో ఎక్కడైనా ఆగిందా?" అని అడిగింది.

"లేదక్కా."

"ఎంతసేపు పట్టిందిరా?"

"ఆరు గంటలక్కా," అన్నాను.