నన్ను పీకకండి

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. బొటనవేలంత లేను కానీ, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎందుకుండదు? మంగళగిరిలో ఒక చేనేత సంఘం కంప్యూటర్‌కి నన్ను దిష్టిబొమ్మలా తగిలించారు.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, పెళ్లి వీడియోలు తీసే ఒకతని జేబులో కొన్నాళ్లు తిరిగి, చివరికి సంఘం అధ్యక్షుడి అల్లుడు చక్రధర్ గారి చేతిలో పడ్డాను. నత్తలా నడిచే సంఘం కంప్యూటర్‌లో, దాన్ని చురుగ్గా నడిపించే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తానని, దాన్ని నాలో నింపుకుని ఆయన బయలుదేరారు. అత్తవారి ఊళ్లో అల్లుడి మాటకు ఎదురేముంది! డిజైన్లు గీసే సీతారత్నం మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. వాళ్ల నాన్న గీసిన చీర అంచులన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. కాగితాలను చెదలు ఏనాడో తినేశాయి.

లినక్స్ ఎక్కుతూ ఒక ప్రశ్న అడిగింది, బూట్‌లోడర్ ఎక్కడ పెట్టమంటారని. మీట నొక్కగానే కంప్యూటర్‌ని తట్టి లేపే చిన్న ప్రోగ్రాం అది. లోపలి హార్డ్ డిస్కులో పెట్టాలి. అల్లుడుగారు కాఫీ తాగుతూ, చదవకుండానే నొక్కేశారు. అది నా నెత్తిన పడింది. పని కాగానే నన్ను పీకి జేబులో వేసుకున్నారు.

మర్నాడు కంప్యూటర్ లేవలేదు. లేపాల్సిన నేను ఆయన జేబులో ఉంటే ఎలా లేస్తుంది?

"హార్డ్ డిస్కు పోయిందండీ. మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం," అన్నారు తాపీగా.

"మా నాన్న అంచులండీ బాబూ! అయ్యి పోతే ఇంక ఆయన గుర్తు ఏం మిగుల్తది?" అంది సీతారత్నం, ఏడుపు ఆపుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు తనది, నింద డిస్కుది! ఫార్మాట్ చేద్దామని నన్ను గుచ్చారు. కంప్యూటర్ నిక్షేపంగా లేచింది. అంచులన్నీ తెర మీదికొచ్చాయి.

"మన హస్తవాసి అలాంటిది," అన్నారు అల్లుడుగారు!

పీకితే మళ్లీ పడుకుంది. గుచ్చితే లేచింది. ఇంత చూశాకైనా బూట్‌లోడర్‌ని హార్డ్ డిస్కులోకి మార్చాలని తట్టాలా, వద్దా? ఒక్క కమాండ్ కొడితే అయిపోయే పని.

"ముందు ఆ అంచులు ఇంకోచోటికి తీసిపెట్టండి బాబూ," అని బతిమాలింది సీతారత్నం.

"పనిచేస్తోందిగా, ఇంకెందుకండీ? దీన్ని మాత్రం కదపకండి. ఈసారి ఆగిందంటే ఫార్మాటే."

"అల్లుడుగారు చెప్పారుగా, ఇంకెవరూ దాని మీద చెయ్యెయ్యొద్దు," అన్నారు మామగారు.

నాకు టేపు చుట్టారు. ఆయుధపూజ నాడు కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అల్లుడుగారు కొత్తబట్టలు పెట్టించుకుని ఊరెళ్లిపోయారు. నాకు కావలసింది బొట్టు కాదయ్యా, బుద్ధున్న మనిషి!

ఈమధ్య ఒంట్లో సెగ పుడుతోంది. పీడా పోతుంది, వెలగడం మానేద్దామనిపిస్తుంది. అంతలో సీతారత్నం వస్తుంది. మీట నొక్కి, నా దీపం వెలిగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది.

ఆ అల్లుణ్ణి నోరారా తిట్టుకుంటూ, వెలుగుతాను.