గేటుకు రెండు మాటలు

శుక్రవారం పొద్దున పూజగది గడపకు పసుపు రాస్తుంటే, కుడి మూలన అతికించి ఉన్న చీటీ తడిసి ఊడి వచ్చింది. ఉండచేసి చెత్తబుట్టలో వేశాను. అరగంట తర్వాత అఖిల, నేను పెట్టిన టీ తాగుతూ వచ్చి, గడప వైపు వంగి చూసింది.

"అక్కా, ఈడ నా చీటీ ఉండె. ఏమైంది?"

"ఊడింది. పసుపు రాసిన గద."

"చూసి రాయాలె గదక్కా. వచ్చే శనివారమే నాకు పరీక్ష."

"గడప మీద కాయితం అతికిస్తే పసుపు ఎట్ల రాయాలె? నువ్వే చెప్పు."

హాల్లో దివాన్ మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తగారు శివమ్మ అక్కడి నుంచే అంది: "ఒక్క వారం ఆ మూల వదిలేస్తే ఏం పోతది మంజులా? చదువుకునే పిల్ల. మనిషికి జర సోయి ఉండాలె."

నేను ఈ ఇంటికి వచ్చి పదిహేడేళ్లు. మొదటి శుక్రవారం ఇదే గడపకు పసుపు రాస్తే, అటు చివర వేలెడు మేర వదిలేశానని మళ్లీ కడిగించి రాయించింది ఈమే. లక్ష్మి మూల చూసి వస్తదట. ఆ లక్ష్మి ఇప్పుడు చీటీ చదువుకుంటూ వస్తుందేమో.

మా ఆయన ఉపేందర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా తీర్పు చెప్పాడు. "చిన్న చీటీకి గింత లొల్లి ఏంది? ఇంకోటి రాసియ్యి, అయిపాయె."

పసుపు చేతులు కడుక్కుని రాసిచ్చాను. అఖిల పక్కన నిలబడి, తన ఫోన్‌లో ఏదో చూసుకుంటూనే ఒక్కో అక్షరం చెప్పింది. ఎస్, ఈ, యూ... ఆమె మూడో అక్షరం దగ్గర ఉండగానే నా చెయ్యి ఐదోది కూడా రాసేసింది. ఆమె గమనించలేదు. ఫ్రెంచిలో గడపను 'సోయ్' అంటారు. నోరు కాస్త గుండ్రంగా పెట్టి అనాలి. మా అత్తగారు రోజుకు నాలుగుసార్లు నాకు లేదనే మాట, ఆ దేశంలో ఇంటింటికీ ఉంటుందన్నమాట.

అఖిల నా తోటికోడలు, మా మరిది శ్రావణ్‌కుమార్ భార్య. రెండేళ్ల కిందట మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఈ ఇంటికి వచ్చింది. ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు దారి చెప్పే కౌంటర్‌లో పనిచేస్తుంది. మెడకు స్కార్ఫు, కాళ్లకు టకటకలాడే చెప్పులు. ఆ కౌంటర్ నడిపే కంపెనీ ఫ్రెంచి వచ్చిన ఒక మనిషి కోసం ఈమధ్య ప్రకటన వేసింది. మొదటి మెట్టు పరీక్ష పాసైతే చాలు, డిగ్రీ ఉండాలి, బయటివాళ్లు కూడా పెట్టుకోవచ్చు, వయసు నలభై లోపు. గడువు జూన్ దాకా. ఒకరోజు అందరం తింటుండగా అఖిలే దాన్ని పైకి చదివింది. అందరూ అఖిల వైపు చూశారు. నాకు ముప్పై తొమ్మిది. ఉస్మానియా డిగ్రీ, ఫస్టు క్లాసు. నా వైపు చూసినవాళ్లు పెరుగు గిన్నె ఇటు జరపమన్నారు.

అఖిల ఫ్రెంచి క్లాసులో చేరింది. రోజూ కళ్ల ముందు ఉన్నవాటితో మొదలుపెట్టమని టీచరు చెప్పిందట. ఎయిర్‌పోర్టులో జనం అడిగేది కూడా ఎటు నుంచి లోపలికి, ఎటు నుంచి బయటికి అనే కదా. అందుకని ఇల్లంతా పసుపు చీటీలు వెలిశాయి. తలుపుల మీద పోర్త్. వీధి గేటు మీద పోర్తాయ్. దాని పక్కన మనిషి పట్టే చిన్న గేటు మీద పోర్తియోన్. కిటికీ గ్రిల్లు మీద గ్రీయ్. ముందు వాకిలి దగ్గర ఆంత్రే, పెరటి వైపు సోర్తీ. పక్కింటి పోచమ్మక్క వచ్చి, "ఇవేందమ్మ, ఇల్లు అమ్ముతున్నరా?" అంటే మా అత్తగారు నవ్వి, "మా చిన్నకోడలు దొరసానుల భాష నేర్చుకుంటున్నది" అంది. ఆ గొంతులోని గర్వాన్ని నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అప్పుడు నేను పోచమ్మక్కకు మంచినీళ్లు ఇస్తున్నాను.

క్లాసు వారానికి మూడు రోజులు, సాయంత్రం ఏడింటికి, లాప్‌టాప్‌లో. ఆ గదికీ వంటింటికీ మధ్య ఒక్క గోడ, పైన గాలికోసం వదిలిన జాలీ. ఏడు కాగానే మా అత్తగారు టీవీ గొంతు తగ్గిస్తుంది. నా బిడ్డ కవితకు పోయిన ఏడాది పరీక్షలప్పుడు తగ్గని టీవీ అది. నేను జొన్నరొట్టెలు కొడుతూ వింటాను. మొదట్లో విననట్టే విన్నాను. తర్వాత రొట్టె చప్పుడు అడ్డం వస్తుందని పిండిని చేత్తో మెల్లగా అద్దడం మొదలుపెట్టాను. టీచరు ఒక మాట చెప్పి ఆగుతుంది. గోడకు అవతల అఖిల అంటుంది. ఇవతల నేను పెదాలు మాత్రం కదుపుతాను. అఖిల 'ర'ను మన 'ర'లాగే గట్టిగా అంటుంది. అది గొంతులోంచి రావాలి. నాకు వస్తుంది. స్టవ్ ముందు నిలబడి ఎవరికీ వినపడని 'ర'ను పలుకుతుంటే ఒంట్లోకి ఏదో పుల్లటి సంతోషం పాకుతుంది.

ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలట. తలుపు ఆడది. పెద్ద గేటు మగవాడు. గడప కూడా మగవాడే, వారం వారం నేను వంగి పసుపు రాసేది ఎవరికో ఇప్పుడు తెలిసింది. టీచరు అది చెబుతుంటే అఖిల, "మన తెలుగులో గిట్ల లేదు మేడం" అంది. ఎందుకు లేదు? వాడు వచ్చాడు, అది వచ్చింది. ఉపేందర్ వచ్చాడు, కుక్క వచ్చింది, మంజుల వచ్చింది. బియ్యం బస్తాకూ నాకూ ఒకే క్రియ సరిపోతుంది. గోడ ఇవతల నుంచి ఆ మాట చెప్పాలని నాలుక దాకా వచ్చింది. రొట్టె తిప్పాను.

ఈ ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన ఏడు నాకు ఒక కౌంటర్‌లో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పెళ్లయి కొన్ని నెలలే. చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. "విమానాల కాడ నిలబడి వచ్చిపోయెటోళ్లకు నమస్తే పెట్టుడేంది, ఇజ్జత్ పోదా?" అని అత్తగారు అంది. మా ఆయన కొత్తూరు గోదాములో పని నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ, మెత్తగానే అన్నాడు: "నేనొచ్చేసరికి తలుపు తీసెటోళ్లు ఉండాలె మంజులా. తాళం తీసుకొని లోపలికొచ్చుడు నాకు మంచిగనిపియ్యదు." అప్పుడది ప్రేమ అనుకున్నాను.

అదే నోరు ఇప్పుడు అఖిలతో, "రాత్రి డ్యూటీ ఉంటే చెప్పమ్మా, నేనొచ్చి తీసుకొస్త" అంటుంది. కాలం మారిందంటారు. మారితే మంచిదే. కాని అది మా ఇంటికి పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చి, నన్ను దాటుకుని నేరుగా పక్కగదిలోకి వెళ్లింది. ఆ పిల్ల మంచిది. నాకు తలనొప్పి వస్తే మాత్ర తెచ్చి ఇస్తుంది. ఆమె మంచిదైనందుకు కూడా నాకు ఒళ్లు మండుతుంది. ఆమె స్కార్ఫు ఉతికి ఆరేస్తూ, ఒకసారి అద్దం ముందు నా మెడకు కట్టుకుని చూసుకున్నాను. నప్పింది. నప్పకపోతే బాగుండేది.

పరీక్షకు రెండు రోజుల ముందు, గురువారం, నేను బెండకాయలు తరుగుతుంటే వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, జర నువ్వు ప్యాసింజర్‌వనుకో. నన్ను అడుగు."

"ఏం అడగాలె?"

"ప్యారిస్ విమానం ఎక్కాలె, ఏ గేటుకు పోవాలె అని. తెలుగులనే అడుగు, నేను ఫ్రెంచిల చెప్త."

అడిగాను. ఆమె చెయ్యి అందంగా చాచి, కౌంటర్‌లో నవ్వే నవ్వు నవ్వి, "పోర్తాయ్ న్యూమెరో దూజ్" అంది. పన్నెండో నంబరు గేటు.

తప్పు. విమానం ఎక్కే గేటు 'పోర్త్', తలుపు అన్న మాటే. పోర్తాయ్ అంటే కారూ బండీ పట్టే ఇంటి గేటు. మనకు రెండింటికీ గేటు అనే ఒక్క మాటే కాబట్టి మనవాళ్లంతా ఇక్కడే పడతారని టీచరు మూడు వారాల కిందటే చెప్పింది. అప్పుడు అఖిల గదిలో లేదు. శ్రావణ్ ఫోన్ చేస్తే మాట్లాడుతూ బయటికి వెళ్లింది. ఖాళీ గదికి టీచరు చెప్పిన ఆ మాటను విన్నది నేనొక్కదాన్నే.

"కరెక్టేనా అక్కా? ఆగకుండ చెప్పిన్నా?"

కత్తిపీట మీద బెండకాయ సగంలో ఆగింది. ఒక్క మాట. చెబితే, నీకెట్ల తెలుసక్కా అంటుంది. ఆశ్చర్యపోతుంది, పోయి అందరికీ చెబుతుంది, అందరూ నవ్వుతారు, రొట్టెలు కొడుతూ ఫ్రెంచి నేర్చిందట అని. ఈ సాకులన్నీ తర్వాత వెతుక్కున్నవి. ఆ క్షణంలో నాలో ఉన్నది ఒకటే. పడనీ.

"మంచిగ చెప్పినవ్" అన్నాను.

శనివారం సాయంత్రం కళ్లు ఉబ్బి వచ్చింది. రాత పరీక్ష బాగానే పోయిందట. మాట్లాడే పరీక్షలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చిందట. పరీక్ష పెట్టే పెద్దాయన నవ్వి, "విమానాన్ని ఎవరింటి ముందు ఆపారమ్మా?" అన్నాడట. ఆ తర్వాత ఏం అడిగినా నోరు పెగల్లేదట. మార్కులు అక్కడికక్కడే చెప్పారట, మూడు మార్కులతో పోయింది. మళ్లీ మే నెలలో రాయాలి. ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను టీ పెట్టాను. పాలు పొంగుతుంటే, నా పెదాల మీద నవ్వు ఉన్న సంగతి నాకే తెలిసి, స్టవ్ ఆపేశాను. ఇంత చిన్నదాన్ని ఎప్పుడయ్యాను?

ఆదివారం మధ్యాహ్నం అందరం ఇంట్లోనే. బగారన్నం, మటన్ కూర. నేను వడ్డిస్తున్నాను. అఖిల అన్నాన్ని వేళ్లతో అటూ ఇటూ జరుపుతోంది.

"తిను బిడ్డా," అంది మా అత్తగారు. "ఎవడాడు నిన్ను చూసి నవ్వినోడు? వాన్ని మనింటికి తోల్కరా, నేను చెప్త."

"ఒక్క మాటకే ఫెయిల్ చేస్తరా?" అన్నాడు శ్రావణ్. "గేటును గేటనకుంటే ఇంకేమంటరు?"

"పోర్త్" అన్నాను.

గొంతులోంచి, ఫ్రెంచివాళ్లలాగే వచ్చింది. గరిటె నా చేతిలోనే ఉంది.

"విమానం గేటు పోర్త్. ఇంటి గేటు పోర్తాయ్. నీ టీచరు చెప్పింది అఖిలా, నువ్వు ఫోన్ మాట్లాడెతందుకు బయటికి పోయినవ్."

అఖిల తలెత్తింది. "నీకు తెలుసా అక్కా? మరి మొన్న గురువారం..."

"మొన్న గూడ తెలుసు."

"తెలిసి మంచిగ చెప్పినవ్ అన్నవా?"

"అన్న."

"ఎందుకే?" అంది మా అత్తగారు. ఆమె గొంతులో కోపం ఇంకా చేరలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"కుళ్లు, అత్తమ్మా. కుళ్లుకొని చెప్పలే." ఆ మాట ఒకసారి బయటికి వచ్చాక మిగతావి తేలికయ్యాయి. "తప్పు చేసిన అఖిలా. ఇగ చేయ. మే నెలల పరీక్ష నేను గూడ రాస్తున్న. పొద్దున మీ టీచరుకు ఫోన్ చేసి పేరు చెప్పిన. సోమవారం నుంచి ఏడింటికి నేను క్లాసుల ఉంట."

మా ఆయన ముద్ద పళ్లెంలో పెట్టాడు. "ఈ వయసుల పరీక్షేంది? ఏడింటికంటే మరి రొట్టెలు?"

"పిండి డబ్బాల ఉంటది. కొట్టుకోండ్రి. రాకుంటే ఎనిమిదిన్నర దాక ఆగుండ్రి, నేర్పిస్త."

కవిత మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. శ్రావణ్ అన్న వైపు చూశాడు. అఖిల మాత్రం నా ముఖం మీద నుంచి చూపు తియ్యలేదు. రెండేళ్లలో ఆమె నన్ను ఇంతసేపు చూడటం ఇదే మొదలు. ఆ చూపులో కోపం ఉంది, లెక్క కూడా ఉంది.

"ఉన్నది ఒక్క పోస్టక్కా," అంది మెల్లగా.

"తెలుసు."

"అంటే నాకు పోటీకి వస్తవా?"

పదిహేడేళ్లలో ఈ ఇంట్లో నన్ను ఎవరూ పోటీ అనుకోలేదు.

"వస్త" అన్నాను.