ఆషాఢంలో మంచుకొండ

నేను ఒక మరచెంబును. ఈ రోజుల్లో ఆ మాట అంటే సగంమంది తెల్లమొహం వేస్తారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పుకుంటాను. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలెక్కే ప్రతి సంసారం వెంటా నాలాంటిది ఒకటి ఉండేది. గుండ్రటి ఇత్తడి ఒళ్లు, లోపల కళాయి పూత, మీద మర తిప్పి బిగించే మూత, ఆ మూతకు పట్టుకోవడానికో కడియం. నన్ను తలకిందులు చేసినా చుక్క కారనివ్వను. లోపలున్నది బయటికి పోనివ్వకపోవడమే నా ఉద్యోగం. ఇన్నాళ్లూ ఒళ్లు దాచుకోకుండా ఆ ఉద్యోగం చేశాను. ఇవాళ ఒక్క సంగతి కోసం మూత తీస్తున్నాను.

పుట్టింది అజ్జరంలో. రేకును సుత్తితో కొట్టి కొట్టి నాకీ బొజ్జ తెప్పించిన ముసలాయన, మర సరిగ్గా కూర్చునేదాకా నన్ను వదల్లేదు. మొదట కొన్నది పెద్దాపురం బియ్యం వర్తకుడు. ఆయన నన్ను వెంటేసుకుని కాశీకి వెళ్లొచ్చి, బతికినన్నాళ్లూ ఆ ఒక్క ప్రయాణమే చెప్పుకున్నాడు. ఆయన పోయాక నేను అటకెక్కాను. ఒక పండక్కి ఆ ఇంటికి కుట్టిన బట్టలు ఇవ్వడానికి సామర్లకోట నుంచి వీరభద్రం అనే టైలరు వచ్చాడు. అప్పుడే నన్ను పాత సామాన్లతో పాటు తూకానికి వేస్తున్నారు. ఆయన చేతిలో బట్టల మూట అలాగే ఉంచుకుని, "కుట్టుకూలి వద్దండి, ఆ చెంబు ఇప్పించండి" అన్నాడు. మనుషులది భలే గుణం. అంతవరకూ నన్ను చీపురుతో పక్కకు నెట్టిన ఆ ఇంటి కోడలుగారు, ఒకడు అడిగేసరికి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవ్వాలా వద్దా అని చాలాసేపు ఆలోచించింది. చివరికి ఇచ్చింది.

వీరభద్రం కొట్టు సామర్లకోట స్టేషనుకు దగ్గర్లో ఉండేది. రైలు కూత వేస్తే మిషను మీద కత్తెర గలగలమనేది. కొట్టు వెనకే ఒక గది, అదే ఇల్లు. భార్య మంగతాయారు ఆయన పక్కనే పీట వేసుకుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. పిల్లలు లేరు. ఎదురుగోడకు దారాల కొట్టువాళ్లు ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరు వేలాడేది. తారీఖుల కాగితాలన్నీ చిరిగిపోయి ఏళ్లు గడిచాయి, బొమ్మ మాత్రం మిగిలింది. తెల్లటి మంచుకొండ, దాని కొసన పొద్దుటి ఎండ. కళ్లు లాగినప్పుడల్లా తాయారు సూది ఆపి ఆ బొమ్మ వంక చూసేది.

నన్ను ఇంటికి తెచ్చిన రోజున ఆవిడ చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమింది.

"ఇదెందుకండీ ఇప్పుడు?" అంది.

"మంచుకొండకి ఎల్లేప్పుడు నీళ్లకి ఉండద్దా," అన్నాడాయన.

"ఎల్తామంటారా?"

"సూపిత్తానన్నానా లేదా? పెళ్లైన కొత్తలో అన్నాను. అన్నాక సూపించాలి గదా."

అదీ సంగతి. ఆవిడకు ఆ కొండ చూడాలని. ఆయనకు ఆవిడకు ఆ కొండ చూపించాలని. మిగతా కోరికలన్నీ వాళ్లు చంపుకుని, మర్చిపోయారు. ఇదొక్కటే మిగిలింది. నాకు తెలిసినంతలో చూడాలనే కోరిక కన్నా చూపించాలనే కోరిక ఎక్కువ బాధపెడుతుంది.

అప్పటి నుంచి ఆ గదిలో ప్రయాణం మాట లేని సాయంత్రం లేదు. కలకత్తా దాకా ఒక రైలు, అక్కడి నుంచి ఉత్తరానికి ఇంకో రైలు, ఆపైన కొండెక్కే జీపు. చుట్టు తిరిగి వెళ్తే ఖర్చు తగ్గుతుందా, అడ్డంగా వెళ్తే తగ్గుతుందా అని వీరభద్రం సుద్దముక్కతో బల్లమీద గీతలు గీసేవాడు, తెల్లారి వాటి మీదే గుడ్డ పరిచి కత్తిరించేవాడు. ఒక ఏడు కొట్టు పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. ఇంకో ఏడు మిషను మూలపడింది. ప్రయాణం వాయిదా పడినప్పుడల్లా తాయారు నన్ను మళ్లీ తోమి, మళ్లీ బోర్లించేది.

కొత్త చలికోట్లు కొనే తాహతు లేదు. వీరభద్రం కొట్టులో మిగిలిన ప్యాంటు ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి అతికి, లోపల దూది పెట్టి రెండు కోట్లు కుట్టాడు. సామర్లకోటలో చలి అంటే దుప్పటి కప్పుకునేంత. అందుకని ఎంత దూది పెట్టాలో తెలియక పరుపంత మందంగా కుట్టేశాడు. తాయారు తొడుక్కుని చేతులు దింపితే దిగలేదు. ఆ ముక్కలు చూసుకుని నవ్వింది.

"ఈ భుజం హెడ్మాస్టరు గారి ప్యాంటు. ఇది గార్డు గారిది. ఈ జేబు మునసబు గారిది. ఊరంతా మనతో వచ్చేత్తందండి."

"టిక్కెట్టు మాత్రం మనిద్దరికే," అన్నాడు వీరభద్రం.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. బట్టలు కుట్టించుకునే రైల్వే గార్డు గారికి హిందీ వచ్చు. ఆయన చేత వీరభద్రం ఆ కొండ ఊళ్లో ఒక లాడ్జికి ఫోను చేయించాడు. గది అద్దె ఎప్పుడు తగ్గుతుందని అడిగించాడు. మన లెక్కలో ఆషాఢమాసం వచ్చే రోజుల్లో సగానికి సగం తగ్గిస్తామని అవతలివాళ్లు చెప్పారు. వీరభద్రం మొహం వెలిగిపోయింది. ఆషాఢం అంటే ఆయనకు తెలియంది కాదు. పెళ్లిళ్లు ఉండవు, మిషను ఖాళీగా ఉంటుంది, బట్టల కొట్లన్నీ తగ్గింపు బోర్డులు కడతాయి. ఆషాఢంలో సగం ధరకు కొన్న చీరా, శ్రావణంలో నిండు ధరకు కొన్న చీరా ఒకే మగ్గం మీద నేసినవే. ఆ సంగతి కుట్టేవాడికన్నా ఎవరికి బాగా తెలుసు? కొండ కూడా అంతే అనుకున్నాడు. ఎంతకిస్తారని అడిగించాడు గాని, ఎందుకు తగ్గిస్తారని అడిగించలేదు. గార్డు గారికీ తట్టలేదు.

"ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికి పోతారు, మా పెళ్లికూతురు కొండకి పోతంది," అని వచ్చినవాళ్లందరికీ కొలతలు తీసుకుంటూ చెప్పాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

బయల్దేరారు. దారి పొడవునా పులిహోర, అది అయిపోయాక అటుకులు, అవీ అయిపోయాక బ్రెడ్డూ కందిపొడీ. ఏ స్టేషనులో రైలు ఆగినా వీరభద్రం నన్ను పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తేవాడు, తాయారు కిటికీ ఊచలు పట్టుకుని ఆయన తిరిగొచ్చేదాకా ఊపిరి బిగబట్టేది. నిద్రపొమ్మంటే పోలేదావిడ. చెరువు కనిపిస్తే చెరువు, పొలం కనిపిస్తే పొలం, అన్నీ ఆయనకు చూపించేది. హౌరా స్టేషనులో దుప్పటి పరుచుకుని కూర్చున్నప్పుడు, "కొండ కనపడకపోయినా పర్లేదండి, ఇదే బాగుంది" అంది. ఆ మాట నేను గుర్తు పెట్టుకున్నాను. ఆయన మర్చిపోయాడు.

జీపు కొండెక్కుతుండగానే వాన మొదలైంది. పైకి వెళ్లేసరికి ఊరంతా మబ్బులో ఉంది. లాడ్జిలో మేం తప్ప ఎవరూ లేరు. గోడలకు చెమ్మ, దుప్పట్లకు చెమ్మ. దూదికోట్లు నీళ్లు పీల్చి మోయలేనంత బరువెక్కాయి. రోజూ తెల్లవారకముందే లేచి, నాలో వేడినీళ్లు పోయించుకుని, కొండ కనిపించే చోటుకు నడిచేవాళ్లు. అక్కడొక రేకుల టీ కొట్టు, దాని ముందు లోయకు ఎదురుగా ఒక సిమెంటు బల్ల. బల్ల మీద కూర్చుని, నన్ను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ నా మీద వెచ్చబెట్టుకుని తాయారు ఎదురుచూసేది. ఎదురుగా తెలుపు తప్ప ఏమీ ఉండేది కాదు. టీ కొట్టతను ఏదో అంటూ తన భుజం మీదుగా వెనక్కి చెయ్యి ఊపేవాడు. ఇవాళ కనపడదు, పొండి అంటున్నాడని వీళ్లు అనుకునేవారు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు బజార్లో తెలుగు మాట వినిపించింది. విజయనగరం వైపు సిపాయి ఒకతను, సెలవు మీద ఇంటికి పోతున్నాడు.

"ఇప్పుడొచ్చారేటి బాబాయ్? వానల్లో కొండెక్కడ కనిపిస్తాది? కార్తీకంలో రావాల. కనిపించదు గాబట్టే గదేటి, గదులు సగానికి ఇత్తన్నారు," అని చెప్పి జీపెక్కి వెళ్లిపోయాడు.

వీరభద్రం ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయన వంక చూడటం నాకే కష్టమైంది. కొలత తప్పి ఖరీదైన గుడ్డ కత్తిరించేసిన రోజున కూడా ఆయన అలా కూర్చోలేదు.

చివరి రోజు పొద్దున మళ్లీ వెళ్లారు. అదే బల్ల, అదే మబ్బు. జీపు వేళైంది. తిరుగు టిక్కెట్లు మార్చుకునే స్తోమతు లేదు. వీరభద్రం ఆవిడ చేత నీళ్లు తాగించి, నన్ను తీసుకుని మూత బిగిస్తూ, తల దించుకునే అన్నాడు.

"నా కక్కుర్తి తాయారూ. ఇన్నేళ్లు ఆగి, ఇంతదూరం తీసుకొచ్చి, గోడ సూపించినట్టు సూపించాను."

మర సరిగ్గా పడక, విప్పి మళ్లీ తిప్పాడు. అప్పుడు తాయారు ఆయన మోచేయి గట్టిగా పట్టుకుంది.

"అదుగో," అంది. "అయ్యో, మీరు తలెత్తేలోపు మూసేసిందండి."

"ఏది?"

"అక్కడ." ఎదురుగా, లోయ మీదికి వేలు చూపించింది. "తెల్లగా, ఇంతెత్తున. కొసన ఎండ పడి పచ్చగా. మన క్యాలెండర్లో ఉన్నట్టే ఉందండి."

అక్కడ ఏమీ లేదు. నేను ఆయన చేతుల్లో, ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉన్నాను. ఆవిడ కళ్లు లోయ వైపు లేవు. ఆయన మొహం మీదే ఉన్నాయి.

వీరభద్రం చాలాసేపు అటే చూశాడు. తర్వాత నవ్వాడు, నవ్వుతూనే దూదికోటు చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "పోన్లే. నువ్వు సూశావు. నాకదే చాలు," అన్నాడు.

సామర్లకోట వచ్చాక ఆ సంగతి ఊరందరికీ చెప్పాడు. ఛాతీ కొలత తీసుకుంటూ మొదలుపెట్టి, నడుము కొలతకొచ్చేసరికి కొండ కొసన ఎండ దాకా చెప్పేవాడు. తాయారు పీట మీద తలెత్తకుండా గుండీలు వేసుకునేది. ఎవరైనా అడిగితే, "ఆయ్, సూశానండి" అనేది. ఆ అబద్ధాన్ని ఆవిడ తన కుట్టుపనంత నేర్పుగా, లోపలి వైపు కూడా ముడి కనపడకుండా కుట్టింది. కానీ ఆ తర్వాత ఆవిడ క్యాలెండరు వంక చూడటం తగ్గించింది. నాకది బాధగా ఉండేది.

కొన్నాళ్లకు జ్వరం వచ్చి, ఆస్పత్రిలో చేర్చిన వారానికే తాయారు పోయింది. వీరభద్రం మిషను మీద గుడ్డ కప్పేశాడు. ఆ గదిలో ఇద్దరి మాటలు విని విని అలవాటైన నాకు ఆ నిశ్శబ్దం తట్టుకోవడం కష్టమైంది. ఏడాది గడిచాక ఒకరోజు ఆయన నన్ను కిందికి దించి, ఆవిడ తోమినట్టే చింతపండుతో తోమాడు. సరిగ్గా రాలేదు. అయినా తోమాడు.

ఈసారి కార్తీకంలో వెళ్లాడు. పెళ్లిళ్ల కాలం, చేతినిండా పని వచ్చే రోజులు, అన్నీ వదులుకున్నాడు. లాడ్జివాడు అడిగింది ఇచ్చాడు. బేరం ఆడలేదు. ఆవిడ చూసిన కొండను, ఆవిడ చూసిన చోట కూర్చుని చూడాలన్నది ఒకటే ఆయన ఆశ. చలికి తన కోటు చాలక, దాని మీద ఆవిడ కోటు కూడా తొడుక్కున్నాడు. చేతులు దిగలేదు.

తెల్లవారకముందే బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కూర్చున్న చోట నన్ను పెట్టి, పక్కన తను కూర్చున్నాడు. ఎదురుగా, ఆవిడ వేలు చూపించిన వైపే చూస్తున్నాడు. మబ్బు లేదు. వెలుతురు వచ్చింది. లోయ తేలింది. లోయ నిండా తేయాకు తోటలు, ఒక వాగు, ఆపైన పచ్చటి చిన్న గుట్టలు, ఆపైన ఆకాశం. అంతే. మంచుకొండ లేదు.

చుట్టూ జనం అరుస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్లందరూ ఆయన వెనక వైపుకు చూస్తున్నారు. టీ కొట్టతను వచ్చి భుజం తట్టి, అప్పటిలాగే వెనక్కి చెయ్యి ఊపాడు. వీరభద్రం నా కడియం పట్టుకుని లేచి, వెనక్కి తిరిగాడు.

రేకుల కొట్టు మీదుగా, సగం ఆకాశం కప్పేసి, కొండ ఉంది. కొసన ఎండ. ఆ పొద్దులన్నీ మేము దానికి వీపు పెట్టి కూర్చున్నాం.

ఆయన ఒకసారి కొండను చూశాడు. ఒకసారి తాయారు వేలు చూపించిన ఖాళీ ఆకాశాన్ని చూశాడు. నా కడియం పట్టుకున్న ఆ చేతికి సంగతి అర్థమవడం నాకు తెలిసింది. తర్వాత మెల్లగా మళ్లీ బల్ల మీద, కొండకు వీపు పెట్టి, లోయ వైపు తిరిగి కూర్చున్నాడు. టీ కొట్టతను మళ్లీ భుజం తట్టాడు. ఆ మనిషికి తెలుగు రాదని తెలిసీ, "మా ఆవిడ ఇటు సూపించిందండి" అన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అటే చూస్తూ ఉన్నాడు.

ఇంటికొచ్చాక మిషను మీద గుడ్డ తీశాడు. మొదట వచ్చింది గార్డు గారే, రిటైరయ్యాడప్పటికి. చేతులు చాపి కొలతలిస్తూ అడిగాడు.

"అయితే ఈసారి మీరూ చూసేశారన్నమాట."

వీరభద్రం టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క వెతుక్కుంటూ చెప్పాడు.

"లేదండి. ఉన్నన్నాళ్లూ మబ్బే. ఆ కొండ మా తాయారుకే కనపడింది."

గార్డు గారు అయ్యో పాపం అన్నాడు. నేను బీరువా మీద మూత బిగించుకుని ఉన్నాను.